బెక్స్‌హిల్ నుండి హేస్టింగ్స్ దాకా, సముద్రాన్ని కుడిపక్కన పెట్టుకుని

ఇంగ్లండులో నడకదారులకు కొదవ లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళగలిగిన నడకదారులకే కొదవ. పొలాల మీదుగా పోయే దారిలో అడుగడుగునా కంచె మెట్లు ఎక్కి దిగాలి, ఆవుల మంద మధ్య నుండి సాగాలి, ముందురోజు వాన పడి ఉంటే చీలమండల దాకా బురద తొక్కాలి. సముద్రతీరానికి పోదామంటే, క్యాలెండర్లలో కనిపించే ఆ తెల్లని సుద్దకొండల మీది దారి ఒక గుట్ట దిగీ దిగగానే ఇంకో గుట్ట ఎక్కిస్తుంది. వేసవిలో మా అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చి ఉన్న నెలల్లో ఇవేవీ పనికిరావు. అటువంటి వారి కోసం, చంటిపిల్లల బండి తోసుకుంటూ వచ్చే వారి కోసం, ఊరికే సముద్రం చూస్తూ నడవాలనిపించే నాబోటి వారి కోసం, ఇంగ్లండు ఆగ్నేయ తీరాన, ఈస్ట్ ససెక్స్‌లో, బెక్స్‌హిల్ నుండి హేస్టింగ్స్ దాకా ఉన్న దారిని మించినది నాకు తెలిసినంతలో లేదు. బెక్స్‌హిల్ సముద్రపు ఒడ్డున ఉన్న డి లా వార్ పెవిలియన్ అనే భవనం ముంగిట మొదలుపెట్టి హేస్టింగ్స్ పాత ఊరి చేపల రేవు దాకా నడిస్తే సుమారు తొమ్మిది కిలోమీటర్లు అవుతుంది. దాదాపు అంతా చదునుగా, గట్టి బాటగా ఉంటుంది. ఆగి ఆగి, చూసి చూసి నడిచినా ఒక మధ్యాహ్నం సరిపోతుంది.

అయితే ఈ దారిని పడమటి నుండి తూర్పుకే నడవాలి, అంటే బెక్స్‌హిల్‌లో మొదలుపెట్టి హేస్టింగ్స్‌లో ముగించాలి. ఈ విషయంలో నాది మొండిపట్టు. ఈ తీరాన గాలి ఎక్కువ రోజులు నైరుతి నుండి వీస్తుంది కనుక అది వీపును తోస్తుంది. ఎదురుగాలిలో తొమ్మిది కిలోమీటర్లు నడవడం ఎంత శిక్షో, అటునుండి ఇటు నడిచి వస్తూ కళ్ళలో నీళ్ళు కారుతున్న వారి ముఖాలు చూస్తే తెలుస్తుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక బయలుదేరితే ఎండ కూడా వెనుక నుండే పడుతుంది. ఇవి పైకి చెప్పే కారణాలు. అసలు కారణం, ఈ దారి సముద్రాన్ని చూసి సంతోషించడానికి వచ్చినవారి ఊరిలో మొదలై, సముద్రాన్ని నమ్ముకుని బతికేవారి రేవులో ముగుస్తుంది. తిరగేసి నడిస్తే కథ చివర నుండి మొదలుపెట్టినట్టు ఉంటుంది.

లండన్ విక్టోరియా స్టేషను నుండి బెక్స్‌హిల్‌కు రైలులో దాదాపు రెండు గంటలు. స్టేషను నుండి దక్షిణంగా ఐదు నిమిషాలు నడిస్తే సముద్రం వస్తుంది. ఊరు పెద్దది కాదు, హడావిడి అసలే లేదు. విశ్రాంత జీవితం గడిపేవారి ఊరని దీనికి పేరు. సముద్రానికి ఎదురుగా వరుసగా వేసిన బెంచీల మీద, ఎవరో ఒకరి జ్ఞాపకార్థం ఇత్తడి పలక బిగించిన బెంచీల మీద, వృద్ధ దంపతులు ఫ్లాస్కులో టీ తెచ్చుకుని కూర్చుంటారు. మా అత్తయ్యగారికి ఈ ఊరు మొదటి చూపులోనే నచ్చింది. "ఇక్కడ ఎవరూ పరుగెత్తడం లేదు" అన్నారు.

ఈ ఊరిని సముద్రతీర విహారస్థలంగా తీర్చిదిద్దినది ఇక్కడి జమీందార్లయిన డి లా వార్ ప్రభువులు. వారి కాలంలో బెక్స్‌హిల్ ఇప్పుడు కనిపించేంత నెమ్మదస్తురాలు కాదు. స్త్రీపురుషులు ఒకేచోట సముద్రస్నానం చేయడానికి 1901లోనే అనుమతించి అప్పటి పెద్దమనుషుల కనుబొమలు ముడిపడేలా చేసింది. మరుసటి ఏడాది, 1902 మే 19న, దేశంలోనే మొదటిదిగా చెప్పుకునే మోటారు కార్ల పందెం ఈ సముద్రపు ఒడ్డు బాట మీదనే జరిగింది. అప్పట్లో బహిరంగ రహదారుల మీద కార్ల వేగపరిమితి గంటకు 12 మైళ్ళు; కానీ ఈ బాట డి లా వార్ వారి సొంత స్థలం కావడంతో ఆ చట్టం ఇక్కడ వర్తించలేదు. లియోన్ సెర్పొలే అనే ఫ్రెంచివాడు ఆవిరితో నడిచే కారులో గంటకు 54 మైళ్ళ వేగంతో దూసుకుపోయాడు. ఈనాడు అదే బాట మీద చేతికర్ర తాటించుకుంటూ నడిచేవారిని చూసి ఆ దృశ్యం ఊహించడానికి కొంత కష్టపడాలి.

డి లా వార్ పెవిలియన్‌ను మాత్రం చూడకుండా కదలకూడదు. నాజీల రాకతో 1933లో జర్మనీ విడిచి వచ్చిన యూదు వాస్తుశిల్పి ఎరిక్ మెండెల్సోన్, సెర్జ్ చెర్మాయెఫ్‌తో కలిసి దీనికి రూపమిచ్చాడు. సామ్యవాది అయిన తొమ్మిదవ డి లా వార్ ప్రభువు ఊరి మేయరుగా ఉండి, ఇది డబ్బున్నవారి క్లబ్బుగా కాక సామాన్యులు వచ్చి కూర్చుని చదువుకుని, సంగీతం విని, ఎండ కాచుకునే ప్రజల భవనం కావాలని పట్టుబట్టాడు. 1935 డిసెంబరులో దీన్ని ప్రారంభించిన యార్క్ ప్రభువు, ఏడాది తిరిగేసరికి ఆరవ జార్జి చక్రవర్తి అయ్యాడు. వెల్డింగుతో అతికిన ఉక్కు చట్రంతో బ్రిటన్‌లో కట్టిన తొలి పెద్ద భవనాలలో ఇది ఒకటి. అందుకే గోడలు బరువు మోయవలసిన పని లేక ముఖమంతా అద్దాలు పరిచారు. లోపల దక్షిణపు మెట్లు ఎక్కి చూడాలి: అర్ధచంద్రాకారపు గాజు గదిలో మెట్లు గుండ్రంగా చుట్టుకుంటూ పైకి పోతుంటే, వాటి నడిబొడ్డున పైకప్పు నుండి కిందిదాకా ఒక మెరిసే లోహపు దీపస్తంభం, పళ్ళేలు గుచ్చిన కడ్డీలా వేలాడుతూ ఉంటుంది. మెట్టు మెట్టుకూ సముద్రం కొద్దికొద్దిగా ఎత్తు పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పుల మాట మరిచి మా అత్తయ్యగారు రెండో అంతస్తు దాకా ఎక్కడానికి కారణం ఈ మెట్లే.

ఈ భవనం ఉన్న చోటుకు మనదేశంతో ఒక సంబంధం ఉంది. కూచ్‌బిహార్ మహారాజు నృపేంద్ర నారాయణ్ ఆరోగ్యం కోసం బెక్స్‌హిల్ వచ్చి, 1911 సెప్టెంబరు 18న ఇక్కడే కన్నుమూశాడు. ఆయన బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ అల్లుడు. ఆయన పెళ్ళే ఆ సమాజాన్ని నిలువునా చీల్చింది. బాల్యవివాహాలను నిరసించిన కేశవుడు తానే పెళ్ళీడు రాని కూతురు సునీతిని ఈ రాజకుమారునికి ఇచ్చి చేశాడన్న ఆగ్రహంతో, 1878లో సాధారణ బ్రహ్మసమాజం విడిపోయింది. వీరేశలింగం గారి జీవితం చదువుకున్న తెలుగువారికి ఈ గొడవ కొత్త కాదు. మహారాజు కుమారుడు తండ్రి జ్ఞాపకార్థం బెక్స్‌హిల్ సముద్రతీరాన ఒక మంచినీటి ఫౌంటెన్ కట్టించాడు. పెవిలియన్ కట్టేటప్పుడు అక్కడ అడ్డమైందని దానిని ఎగర్టన్ పార్కుకు తరలించారు. 1963లో బాగుచేస్తామని పార్కు నుండి కూడా తీశారు, అటుపైన అది కనిపించకుండా పోయింది. ఒక చలివేంద్రం అంత బరువైన రాతి కట్టడం ఎలా మాయమవుతుందో మావయ్యగారికి ఎంతకీ అంతుపట్టలేదు. "స్టాక్ రిజిస్టరు ఉండదా?" అని అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసిన మనిషి అంతకంటే ఏమడుగుతారు!

పెవిలియన్ నుండి తూర్పుకు తిరిగితే, సముద్రం కుడిపక్కకు వస్తుంది. ఇక చివరిదాకా అక్కడే ఉంటుంది, కనుక దారి తప్పడానికి అవకాశమే లేదు. మొదటి కిలోమీటరు పందెం జరిగిన బాటే. ఆ తర్వాత గాలీ హిల్ అనే పచ్చిక దిబ్బ వస్తుంది. మొత్తం నడకలో ఎక్కడం అనదగినది ఇదొక్కటే. మన ఊళ్ళో అయితే దీనిని మెరక అంటామే తప్ప కొండ అనం. పైన నిలబడి వెనక్కి తిరిగితే పడమటన పెవెన్సీ అఖాతమంతా కొడవలిలా వంగి, దాని చివర బీచీ హెడ్ సుద్దకొండ కనిపిస్తుంది. ఫ్రాన్సులోని నార్మండీ నుండి దండెత్తి వచ్చిన విలియం ప్రభువు 1066 సెప్టెంబరు చివర్లో తన ఓడలను తెచ్చి దింపినది ఆ అఖాతంలోనే. ముందుకు చూస్తే హేస్టింగ్స్ కొండలు. రెండు వారాల తర్వాత, అక్టోబరు 14న, వాటికి వెనుకగా లోపలి భూభాగంలో జరిగిన యుద్ధం ఇంగ్లండు చరిత్రను మలుపు తిప్పింది. పేరు హేస్టింగ్స్ యుద్ధమే గానీ అది జరిగిన చోట వెలసిన ఊరి పేరు బ్యాటిల్. గాలీ హిల్ కింద సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు రాతిపలకలు బయటపడతాయి. వాటి మీద అప్పుడప్పుడు ఇగ్వానొడాన్ అనే డైనోసార్ మూడువేళ్ళ అడుగుజాడలు కనిపిస్తాయి. ఇసుక కప్పితే కనబడవు, అలలు ఊడ్చితే మళ్ళీ తేలుతాయి. విలియం రాకను నిన్నటి సంగతిగా మార్చేసే పాదాలు అవి.

దిబ్బ దిగగానే గ్లైన్ గ్యాప్. ఎడమపక్కన రైలు పట్టాలు, వాటి వెనుక పెద్ద దుకాణాల సముదాయం, కుడిపక్కన గులకరాళ్ళ బీచి. అందమైన చోటు కాదు, కానీ మరుగుదొడ్లు ఉన్నాయి, కూర్చోవడానికి చోటు ఉంది. పెద్దవారితో నడిచేటప్పుడు ఈ రెండింటికీ ఉన్న విలువ అందానికి లేదు. మేము పులిహోర డబ్బా విప్పింది ఇక్కడే. మూత తీసిన క్షణంలో ఎక్కడి నుండో ఒక సీగల్ వచ్చి మా ముందు నిలబడింది. పసుపు ముక్కు మీద ఎర్రని చుక్క, రెప్పవేయని లేత కళ్ళు. బెదిరిస్తే ఒక్క అడుగు వెనక్కి వేసి, మళ్ళీ రెండు అడుగులు ముందుకు వేస్తుంది. జీడిపప్పు ఏరుకోబోయిన మావారి వేళ్ళ సందులోంచి పులిహోర ముద్ద ఎత్తుకుపోయి, మిరపకాయతో సహా మింగి, ఏమీ జరగనట్టు తిరిగి వచ్చి నిలబడింది.

ఇక్కడి నుండి బుల్వర్‌హైత్ దాకా మావయ్యగారు సముద్రాన్ని చూడడం మానేసి గ్రోయిన్లను చూడసాగారు. ఒడ్డు నుండి సముద్రంలోకి అడ్డంగా, కొంత కొంత దూరానికి ఒకటిగా దిగేసిన కర్రగోడలవి. గోదావరి గట్ల దగ్గర ప్రవాహాన్ని మళ్ళించడానికి వేసే గ్రోయిన్లతో ఆయనకు జీవితకాలపు పరిచయం. "అమ్మాయ్, ఇలా రా" అని ఒకదాని పక్కన నిలబెట్టి చూపించారు. "ఈ పడమటి పక్క రాళ్ళు గోడ తలకెక్కి ఉన్నాయి. ఆ పక్క చూడు, మనిషి లోతు దిగిపోయాయి. రాళ్ళు ఎటు నడుస్తున్నాయో ఇంతకంటే ఏం చెప్పాలి?" నైరుతి గాలికి అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి రాళ్ళను పైకి ఎగదోస్తాయి. వెనక్కి జారే నీరు మాత్రం తిన్నగా కిందికి జారుతుంది. అలా ప్రతి అలకూ ఒక్కొక్క రాయి కొద్దికొద్దిగా తూర్పుకు జరుగుతుంది. ఈ గోడలు లేకపోతే బీచి మొత్తం నడిచి వెళ్ళిపోతుంది. మన విశాఖ తీరాన కూడా ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం నైరుతి నుండి ఈశాన్యానికే సాగుతుంది. ఓడరేవు కట్టలు దాన్ని మధ్యలో ఆపడం వల్లనే, పూడిక తీసిన ఇసుకను ఆర్కే బీచి వైపు పోయవలసి వస్తోంది. అంటే బెక్స్‌హిల్ నుండి హేస్టింగ్స్‌కు మనం ఏ దిక్కున నడుస్తున్నామో రాళ్ళు కూడా ఆ దిక్కుకే నడుస్తున్నాయి. వాటికి తొందర లేదు, అంతే తేడా. ఈ రాళ్ళ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

బుల్వర్‌హైత్ దగ్గర రంగురంగుల చెక్కగదులు దాటాక, సముద్రం వైపు జాగ్రత్తగా చూడవలసిన చోటు ఒకటి ఉంది. అమావాస్యకో పౌర్ణమికో నీరు అన్నిటికంటే ఎక్కువగా తగ్గినప్పుడు, తడి ఇసుకలో నల్లని కర్రల కొసలు ఓడ ఆకారంలో వరుసగా తేలుతాయి. అది ఆమ్‌స్టర్‌డామ్ అనే డచ్చి ఓడ. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ వారిది. తొలి ప్రయాణంలోనే, నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ నుండి జావాలోని బటావియాకు, అంటే ఈనాటి జకార్తాకు, పోతూ, తుఫానులో చుక్కాని విరిగి, ఓడలో జబ్బు ప్రబలి పదులకొద్దీ మనుషులు చనిపోయి, మిగిలిన నావికులు తిరగబడగా, 1749 జనవరి 26న ఇక్కడి ఒడ్డుకు ఎక్కింది. బటావియా ఖజానాకు పంపుతున్న వెండిని అధికారులు పైకి తీసేలోపే ఒక పెట్టె దొంగల పాలైంది. బురద ఓడను వేగంగా లోపలికి లాగేసుకుంది. అలా లాగేసుకోవడం వల్లనే దాని కింది సగం ఇంతకాలం కుళ్ళకుండా మిగిలింది. 1969లో ఇక్కడ పనిచేస్తున్న కూలీల యంత్రాలు దానిని తవ్వడంతో మళ్ళీ లోకం దృష్టికి వచ్చింది. ఇప్పుడు చట్టరక్షణ ఉంది కనుక దూరం నుండి చూడాలే తప్ప ముట్టుకోకూడదు.

ఈ కంపెనీ మనకు పరాయిది కాదు. పదిహేడో శతాబ్ది మొదట్లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టి, మన నేతగాళ్ళ చేత అద్దకపు బట్టలు నేయించి తూర్పు దీవులకు తరలించి, అక్కడి సుగంధ ద్రవ్యాలకు మారకం వేసినవారు వీరే. భీమునిపట్నంలోని డచ్చి సమాధులు ఆ కంపెనీ ఉద్యోగులవే. ఆమ్‌స్టర్‌డామ్ ఓడ పోతున్నది కూడా ఆ వ్యాపారపు గుండెకాయ అయిన బటావియాకే. భీమిలి సమాధుల పక్కన ఆడుకుని పెరిగిన మావారు, ఆ సమాధుల్లో ఉన్నవారి యజమానుల ఓడను ఇంగ్లండు ఇసుకలో చూడడానికి ఆటుపోట్ల పట్టిక వెతికి మరీ రోజు కుదుర్చుకున్నారు. ఓడ చూడాలనుకునేవారు అలాగే చేయాలి. మామూలు రోజుల్లో అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనబడదు.

బుల్వర్‌హైత్ నుండి వెస్ట్ మెరీనా దాకా ఉన్న ముక్క గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఒకప్పుడు గొప్ప బహిరంగ ఈతకొలను ఉన్న స్థలం ఖాళీగా పడి ఉంటుంది. నడక వేగం పెంచి దాటెయ్యవచ్చు.

సెయింట్ లియొనార్డ్స్ మొదలవగానే ఊరి ముఖమే మారిపోతుంది. 1828లో జేమ్స్ బర్టన్ అనే లండన్ నిర్మాణదారుడు పొలాలు కొని, ధనవంతుల కోసం ఒక కొత్త ఊరినే ఇక్కడ కట్టాడు. సముద్రానికి ఎదురుగా తెల్లని స్తంభాల భవనాలు, మధ్యలో హోటలు, వెనుక లోయలో ఉద్యానవనం. ఆ దొరలకు సేవలు చేసేవారు కళ్ళబడకుండా కొంచెం అవతల, అంగళ్ళవారికి మెర్కటోరియా అని, బట్టలుతికేవారికి లావటోరియా అని విడివిడి పేటలు. లాటిన్ అందం తొడిగినా సంగతి మనకు తెలిసినదే. మెర్కటోరియా పేరు ఇంకా ఒక వీధికి ఉంది. బర్టన్ సమాధి మీద పిరమిడ్ కట్టారు, కొండ మీది శ్మశానంలో ఉంది. దిగువన, సముద్రానికి ఎదురుగా, ఆయన కట్టిన భవనాల సౌమ్యతను ఏమాత్రం లెక్కచేయకుండా నిలబడిన పద్నాలుగు అంతస్తుల మెరీన్ కోర్ట్ 1938 నాటిది. అప్పుడే కొత్తగా నీటికి దిగిన క్వీన్ మేరీ ఓడను చూసి గీసిన కట్టడం. తూర్పు కొస గుండ్రంగా ఓడ ముందుభాగంలా వంగి, బాల్కనీలు ఓడ డెక్కుల్లా సాగుతాయి. దగ్గరగా చూస్తే పెచ్చులూడి, తుప్పు చారలు దిగి ఉంటుంది. నాకు మాత్రం బర్టన్ గారి తెల్లని స్తంభాల కంటే ఈ తుప్పు ఓడే ఇష్టం.

వారియర్ స్క్వేర్ దాటాక మేడమీది బాట వదిలి మెట్లు దిగి కిందికి రావాలి. ఇక్కడ బాట రెండంతస్తులుగా ఉంటుంది. పైది ఆకాశం కింద, కిందిది స్తంభాల నీడలో. కింది దానిని బాటిల్ ఆలీ, అంటే సీసాల సందు, అంటారు. 1930లలో ఊరి ఇంజనీరుగా ఉండి కాంక్రీటు రాజు అని పేరు తెచ్చుకున్న సిడ్నీ లిటిల్ కట్టించాడు. బ్రిటన్‌లో తొలి భూగర్భ కార్ల పార్కింగ్ కూడా ఈ తీరం కిందే ఆయన కట్టినదే. సుమారు అర కిలోమీటరు పొడవునా గోడ పలకలలో పగిలిన సీసాల ముక్కలు పొదిగారు: బీరు సీసాల గోధుమరంగు, మందు సీసాల నీలం, సోడా సీసాల ఆకుపచ్చ, మధ్యమధ్య ఎక్కడో ఒక ఎర్ర ముక్క. చేత్తో తడిమితే కోసుకోదు, అంచులన్నీ సిమెంటులో మునిగి ఉన్నాయి. ఒకచోట సీసా అడుగు మొత్తం గుండ్రంగా, దాని మీది అక్షరాలతో సహా కనిపిస్తుంది. ఒక పలకలో ఉన్న అమరిక ఇంకో పలకలో లేదు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా స్తంభాల మధ్య నుండి లోపలికి పడినప్పుడు ముక్కలన్నీ ఒక్కసారి అంటుకుంటాయి. మధ్యాహ్నం బయలుదేరమని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

బాటిల్ ఆలీ ముగిసే చోట హేస్టింగ్స్ పియర్, ఒడ్డు నుండి సముద్రంలోకి వంతెనలా చొచ్చుకుపోయే విహారవేదిక. 1872లో తెరిచారు. 2010 అక్టోబరులో మంటల్లో దాదాపు పూర్తిగా కాలిపోయింది. ఊరివారి చందాలతో, లాటరీ నిధులతో 2016లో మళ్ళీ లేచి, మరుసటి ఏడాది బ్రిటన్ వాస్తుకళలో అతిపెద్ద బహుమానమైన స్టిర్లింగ్ ప్రైజు తెచ్చుకుంది. ఆ బహుమానం వచ్చినది ఏ భవనానికో కాదు, విశాలమైన ఖాళీ చెక్కనేలకు. కాలగా మిగిలిన పాత కర్రలనే కోసి, పియర్ మీది చిన్న కట్టడానికి తొడుగు వేశారు. ఆపైన యాజమాన్యం చేతులు మారింది, లోపలికి వెళ్ళనిచ్చే వేళలు ఒక్కో కాలంలో ఒక్కోలా ఉంటున్నాయి. తెరిచి ఉంటే చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూడండి, మీరు నడిచి వచ్చిన దారి మొత్తం గాలీ హిల్ దాకా కనిపిస్తుంది.

పియర్‌కు కొద్ది దూరంలోనే, క్వీన్స్ ఆర్కేడ్ అనే అంగళ్ళ సందులో, జాన్ లోగీ బెయిర్డ్ 1920ల తొలిరోజుల్లో టెలివిజన్ ప్రయోగాలు చేశాడు. ఆరోగ్యం బాగుపడుతుందని హేస్టింగ్స్ వచ్చిన ఆ స్కాట్లండు ఇంజనీరు, పాత టీ పెట్టె, టోపీ పెట్టె, దర్జీ సూదులు, సైకిలు దీపపు అద్దాలు, లక్క కలిపి యంత్రం తయారుచేసి ఒక నీడను తెర మీదికి పంపగలిగాడు. కరెంటు షాకు కొట్టి పేలుడు జరిగాక, గది యజమాని ఇక ఖాళీ చేయమన్నాడు. బెయిర్డ్ లండన్ పోయి పేరు తెచ్చుకున్నాడు. చివరికి 1946 జూన్‌లో బెక్స్‌హిల్‌లో, రైల్వే స్టేషను దగ్గరి ఇంట్లో చనిపోయాడు. మనం మధ్యాహ్నం రైలు దిగిన చోటది.

ఊరి నడిబొడ్డు, ఆటబొమ్మల అంగళ్ళు, పిల్లల పడవల కొలను దాటాక, కొండ మీది కోట శిథిలాల నీడలోంచి సాగితే స్టేడ్ వస్తుంది. పాత ఊరి చేపల రేవు. రేవు అంటున్నాను గానీ ఇక్కడ పడవలు నిలపడానికి నీటి రేవు లేదు. పందొమ్మిదో శతాబ్ది చివర్లో కట్టబోయిన రాతి గోడ సగంలోనే ఆగిపోయింది. అందుకే పడవలను నేరుగా గులకరాళ్ళ మీదికి లాగుతారు, నేరుగా నీటిలోకి తోస్తారు. యూరప్‌లో ఇలా బీచి నుండే వేటకు పోయే పడవల సముదాయాలలో ఇదే పెద్దదని చెబుతారు. వాటి వెనుక బుల్డోజర్లు, చక్రాల మీద చుట్టిన ఉక్కు తాళ్ళు, వలల కుప్పలు, గుర్తు జెండాలు, డీజిలు వాసన, చేప వాసన. మన తీరంలో పూడిమడక దగ్గరో భీమిలి దగ్గరో ఒడ్డుకు చేరిన పడవను మనుషులంతా కలిసి భుజాలతో, తాళ్ళతో లాగేవారు. ఇక్కడ ఆ పని యంత్రం చేస్తోంది, మిగతా తతంగమంతా ఒకటే. వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గర మావారు చాలాసేపు నిలబడిపోయారు. ఇద్దరికీ మాటలు సగమే అందాయి. నైలాను ముడి వేసే పద్ధతి మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఆ పక్కనే వరుసగా నిలబడినవి నెట్ షాపులు, అంటే వల గదులు. తారు పూసిన నల్లని చెక్కగోడలు, ఎనిమిది తొమ్మిది అడుగుల చదరపు నేల, దాని మీద మూడంతస్తుల ఎత్తు. చూడడానికి గూడు మీద గూడు పేర్చినట్టుంటాయి. నార వలలు తడిగా ఉంటే కుళ్ళిపోతాయి కనుక వాటిని ఆరబెట్టి భద్రపరచడానికి కట్టుకున్నారు. అంత సన్నగా ఎందుకు కట్టారంటే, అప్పట్లో సముద్రం ఇక్కడికే వచ్చేది, ఒడ్డు చాలా ఇరుకు. పక్కకు చోటు లేక పైకి పెంచారు. తర్వాత గ్రోయిన్లు, సగంలో ఆగిన ఆ రాతిగోడ, పడమటి నుండి నడిచి వస్తున్న గులకరాళ్ళను ఇక్కడ ఆపేశాయి. బీచి వెడల్పయింది, సముద్రం దూరం జరిగింది, ఇప్పుడు పడవలు ఆగి ఉన్నదంతా అలా పోగైన రాళ్ళ మీదనే. మావయ్యగారు కాలితో ఒక గులకరాయిని దొర్లించి, "బెక్స్‌హిల్ వారి ఆస్తి హేస్టింగ్స్ వారి పాలైందన్నమాట" అన్నారు. ఈ దారి మొత్తానికి ఆయన నమ్మిన చరిత్ర ఆ ఒక్కటే.

చేపలు తినేవారికి ఇక్కడ ఉన్నంత తాజాగా మరెక్కడా దొరకవు. పొద్దున పట్టినవి అక్కడే గుడిసెల్లో అమ్ముతారు, మధ్యాహ్నానికి చాలావరకు అయిపోతాయి. వేయించిన చేప, బంగాళదుంప చిప్సు అమ్మే అంగళ్ళు వీధి పొడవునా ఉన్నాయి. శాకాహారులకు చిప్సు మాత్రమే మిగులుతాయి, అవి ఏ నూనెలో వేయించారో ముందే అడగడం మంచిది, కొన్నిచోట్ల పశువుల కొవ్వు వాడతారు. మత్స్యకారుల మ్యూజియం 1854 నాటి చిన్న చర్చిలో ఉంది, లోపల ఒక పడవను పూర్తిగా నిలబెట్టారు. అది మూసే వేళ తొందరగా వస్తుంది కనుక మ్యూజియం చూడాలనుకునేవారు బెక్స్‌హిల్‌లో ఒక గంట ముందు బయలుదేరాలి. ఓపిక ఉంటే ఈస్ట్ హిల్ మీదికి 1902 నుండి నడుస్తున్న తాడు రైలు ఎక్కవచ్చు. కాళ్ళు అలిసినవారికి అదే మేలు.

రైల్వే స్టేషను స్టేడ్ నుండి ఇరవై నిమిషాల నడక; పాత ఊరి నుండి బస్సులూ ఉన్నాయి. కారును బెక్స్‌హిల్‌లో వదిలి వచ్చినవారిని రైలు పది పదిహేను నిమిషాల్లో అక్కడ దింపుతుంది. లండన్ పోయేవారికి హేస్టింగ్స్ నుండి చేరింగ్ క్రాస్‌కు వేరే దారిలో ఇంకా తొందరగా వెళ్ళే రైళ్ళు ఉన్నాయి. కాకపోతే విక్టోరియా నుండి తీసుకున్న రానుపోను టికెట్టు ఆ దారికి చెల్లుతుందో లేదో కొనేటప్పుడే అడగాలి. సగంలో అలిసిపోయేవారుంటే సెయింట్ లియొనార్డ్స్ వారియర్ స్క్వేర్ స్టేషను దారిలోనే ఉంది. బాటిల్ ఆలీ ఒక్కటి చూసి అక్కడ రైలు ఎక్కినా నష్టం లేదు. వచ్చే వేసవికి అత్తయ్యగారి తమ్ముడు కూడా వస్తున్నారట, ఆయనకు చక్రాల కుర్చీ కావాలి. గాలీ హిల్ ఎక్కడం ఒక్కటే ఇబ్బంది కనుక, ఆయనను నేరుగా గ్లైన్ గ్యాప్ దగ్గర కారు దింపి, అక్కడి నుండి మొదలుపెడదామని ఇప్పటికే అనుకున్నాం.